పచ్చబొట్టు పొడిచిన చెయ్యి ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో టాటూల గురించి అడిగినవే ఎక్కువ. అందుకే వాటర్ కలర్ కాగితాల గురించి, మట్టిబొమ్మల గురించి అడిగినవాళ్ళను వచ్చే సంచిక దాకా ఆగమని కోరుతూ, ఈసారి శీర్షిక మొత్తం టాటూకే ఇస్తున్నాను. నల్లగొండలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పే టీచర్‌గా, ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీసి అచ్చు తీసే కళ) చేసే మనిషిగా నాకు తెలిసినంత చెబుతాను.

ప్రశ్న: మేడం, మా అబ్బాయి హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) పెయింటింగ్ చేశాడు. మంచి మార్కులే వచ్చినయి. డ్రాయింగ్ టీచర్ అయితడనుకున్నా. ఇప్పుడేమో ఒక టాటూ స్టూడియోలో చేరాడు. అడిగితే "ఇది కూడా ఫైన్ ఆర్టే నాన్నా" అంటాడు. చుట్టాలకు ఏం చెప్పుకోవాలో తెలియడం లేదు. ఒంటి మీద సూదితో పొడిచేది లలితకళ ఎట్లా అయితది? చదివిన చదువంతా పాడైందని నా బాధ.
(రైస్ మిల్లు గుమస్తా, మిర్యాలగూడ)

జవాబు: అన్నా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే ఆ ఒక్క మాటతో మీకు నమ్మకం కుదరదని తెలుసు. కాబట్టి నేను రోజూ చేసే పనితో మొదలుపెడతాను.

ఎచింగ్‌లో జింక్ ప్లేటుకు నల్లటి పూత పూసి, ఆరిన తర్వాత సూదితో గీస్తాం. సూది తగిలినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. ప్లేటును నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో పెడితే ఆ గీతల వెంబడే యాసిడ్ తింటుంది. ఆ గాడిలో ఇంకు నింపి, పైపైన తుడిచి, తడి కాగితం మీద అచ్చు తీస్తాం. పెన్సిల్ గీతకు రబ్బరు ఉంది. ఆయిల్ పెయింటు నచ్చకపోతే మీద ఇంకో పూత వేయొచ్చు. యాసిడ్ తిన్న గీతను వెనక్కి తెచ్చుకోవడం మాత్రం చాలా కష్టం. ఈ పనిని లలితకళ అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. లలితకళా అకాడమీ ప్రదర్శనల్లో ఇట్లాంటి అచ్చుబొమ్మలకు గ్రాఫిక్స్ అని ఒక విభాగమే ఉంది. మన తెలంగాణ మనిషి కె. లక్ష్మా గౌడ్ గారు ఎచింగులతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మీ అబ్బాయి పని చూడండి. చర్మం పైపొర దాటి, దాని కింది పొరలో సిరా దిగాలి. ఆ లోతు ఒకటి, మహా అయితే రెండు మిల్లీమీటర్లు. తక్కువ దిగితే పైపొరతో పాటే రాలిపోతుంది. ఎక్కువ దిగితే గోడకు పట్టిన చెమ్మలాగా గీత చుట్టూ నీలం పాకుతుంది. కుడిచేత్తో మెషిన్ నడుపుతూ ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని బిగించి పట్టుకోవాలి. ముంజేతి మీద చర్మం ఒక తీరు, మోచిప్ప మీద ఒక తీరు, పక్కటెముకల మీద ఇంకో తీరు. పడుకున్న మనిషి ఊపిరి తీస్తుంటాడు, నొప్పికి ఉలిక్కిపడతాడు. నా జింక్ ప్లేటు కదలదు, ఏడవదు. అంత కదిలేచోట తిన్నగా ఒక గీత లాగడం నా పని కంటే కష్టమని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

ఈ రెండు పనులకూ చుట్టరికం నేను కలిపింది కాదు. అమెరికాలో డాన్ ఎడ్ హార్డీ అనే ఆయన ఉన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 1967లో ప్రింట్‌మేకింగ్ డిగ్రీ తీసుకున్నాడు, అంటే నా సబ్జెక్టే. యేల్ యూనివర్సిటీలో పైచదువుకు సీటు వస్తే వదులుకుని టాటూ పనిలోకి వెళ్ళాడు. 1973లో జపాన్ వెళ్ళి హొరిహిడె అనే గురువు దగ్గర అక్కడి పద్ధతి నేర్చుకున్నాడు. ఆయన తండ్రి ఏమన్నాడో గానీ, 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం ఆయన జీవితకాలపు పనంతా పెద్ద ప్రదర్శనగా పెట్టింది. చదువు పాడైందని మీరు బాధపడుతున్నారు కాబట్టి ముందుగా ఈయన సంగతి చెప్పాను. ఆ చదివిన గీతే ఆయన్ను నిలబెట్టింది.

ఇక గుర్తింపు విషయం. ప్యారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం 2014లో టాటూల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. తర్వాత అది టొరంటో, షికాగో మ్యూజియాలకు కూడా వెళ్ళింది. కోర్టులు కూడా మాట్లాడాయి. కాలిఫోర్నియాలో హెర్మోసా బీచ్ అనే చిన్న ఊరు టాటూ షాపులు పెట్టొద్దంటే, 2010లో అక్కడి అప్పీలు కోర్టు టాటూ వేయడమంటే భావాన్ని వ్యక్తం చేయడమే, దానికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని తీర్పు చెప్పింది. జపాన్‌లో ఒసాకా టాటూ కళాకారుడు ఒకాయన మీద డాక్టర్ లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని కేసు పెట్టారు. కింది కోర్టు జరిమానా వేసింది, హైకోర్టు కొట్టేసింది, 2020లో సుప్రీంకోర్టు కూడా ఇది వైద్యం కాదని తేల్చింది. దక్షిణ కొరియాలో 1992 నుంచి డాక్టర్లు తప్ప ఎవరు వేసినా నేరమే. 2025 సెప్టెంబరులో పార్లమెంటు చట్టం చేసి మామూలు కళాకారులకు దారి తెరిచింది. చూశారా, అక్కడ వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడింది, మా చేతిలో ఉన్నది వైద్యుడి సూది కాదు, మా కుంచె అని చెప్పుకోవడానికే.

మన దగ్గర అకాడమీ విభాగాల్లో గానీ, మాసబ్‌ట్యాంక్‌లోని మన ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బీఎఫ్ఏ కోర్సుల్లో గానీ టాటూ లేదు. ఉండాలని నా గట్టి అభిప్రాయం. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ చదవగా లేనిది, చర్మం మీద గీయడం చదివితే తప్పేముంది? ఒకప్పుడు ఫొటోగ్రఫీని కూడా యంత్రం చేసే పని అని పక్కన పెట్టినవాళ్ళే తర్వాత దానికి విభాగం ఇచ్చారు.

అయితే టాటూ వేసే ప్రతివాళ్ళూ కళాకారులు కారు. ఆయిల్ పెయింటు వాడిన ప్రతివాళ్ళూ కళాకారులు కానట్టే. ఫోన్లో దొరికిన సింహాన్ని ప్రింటు తీసి, స్టెన్సిల్ అంటించి, దాని మీద మెషిన్ నడిపించడం చేతిపని. మంచి చేతిపనికి నేను దండం పెడతాను, కానీ దాన్ని కళ అనను. వచ్చిన మనిషి కథ విని, ఆ భుజం వంపు చూసి, కండ కదిలితే బొమ్మ ఎట్లా కదులుతుందో ఆలోచించి, కాగితం మీద పదిసార్లు గీసి, అప్పుడు సూది పట్టుకుంటే అది కళ. కాబట్టి ఈసారి అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు జీతం సంగతి తర్వాత అడగండి, ముందు స్కెచ్‌బుక్ చూపించమనండి. అది నిండుతూ ఉంటే మీకు టెన్షన్ అక్కర్లేదు. ఖాళీగా ఉంటే మాత్రం గట్టిగా మందలించండి, నా తరఫున కూడా.

చుట్టాల గురించి ఒక్క మాట. తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసిన ఏలె లక్ష్మణ్ గారిది మన పాత నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెం. ఆయన మొదలుపెట్టింది సైన్‌బోర్డులు రాయడంతో. అప్పుడు ఆయన ఇంట్లోవాళ్ళు చుట్టాలకు ఏం చెప్పుకున్నారో, మీరు కూడా అదే చెప్పండి: మావాడు బొమ్మలు గీస్తాడు.

ప్రశ్న: అక్కా, నేను దేవరకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. మాది తండా. మా నానమ్మకు రెండు చేతుల నిండా, గదవ మీద కూడా పచ్చబొట్లు ఉన్నాయి. వాటి మీద ప్రాజెక్టు చేస్తానంటే మా సార్ "అది ఆర్ట్ కాదమ్మా, ఆంత్రోపాలజీ" అన్నారు. నాకేమో అవి బొమ్మల్లాగే కనిపిస్తాయి. ఎట్లా మొదలుపెట్టాలి?
(విద్యార్థిని, దేవరకొండ)

జవాబు: చెల్లీ, నీ కన్ను సరిగ్గానే చూసింది. సార్ చెప్పింది కూడా తప్పు కాదు, ఆంత్రోపాలజీ అంటే మనుషులను, వాళ్ళ ఆచారాలను చదివే శాస్త్రం. ఒకే వస్తువు రెండు శాస్త్రాలకూ చెందొచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన ఒక మనిషి శరీరం ఉంది. ఐదు వేల ఏళ్ళు దాటినది. వందేళ్ళకు పైగా జనం ఆయన్ను చూస్తూ వచ్చారు. భుజం దగ్గర ఏదో మసక మరక తప్ప ఏమీ కనిపించలేదు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఫొటో తీస్తే ఆ మరకలో ఒక అడవి ఎద్దు, వెనుక కొమ్ములు తిరిగిన గొర్రె కనిపించాయి. 2018లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. ఎద్దు తోక పొడుగు, కొమ్ముల వంపు చూసి గీసినవాళ్ళకు జంతువు తెలుసు, గీత కూడా తెలుసు అని నేను అనుకున్నాను. దాని వయసు లెక్కగట్టడం సార్ చెప్పే శాస్త్రం. ఆ వంపును చూడడం మన పని.

మన దగ్గర ఆ గీత గీసింది ఎవరు? పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువగా ఎరుకల ఆడవాళ్ళు. బుట్ట చంకన పెట్టుకుని ఊరూరా తిరుగుతూ ఎరుక చెప్పేవాళ్ళు, పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. దీపపు మసిని ఆకు పసరుతోనో, చనుబాలతోనో నూరి, కట్టగట్టిన సూదులతో పొడిచేవాళ్ళు. మాన్యువల్ లేదు, కాలేజీ లేదు. తల్లి చెయ్యి చూసి బిడ్డ నేర్చుకున్న విద్య.

మా అమ్మమ్మది మునుగోడు వైపు ఊరు. ఆమె ఎడమ ముంజేతి మీద తులసికోట ఉండేది. మూడు మెట్లు, వాటి మీద గూడు, గూట్లోంచి లేచిన కొమ్మ, కొమ్మకు అటూ ఇటూ ఆకులకు బదులు చుక్కలు. రెండో మెట్టు దగ్గర గీత పక్కకు ఒరిగి ఉండేది. "గాడ నేను చెయ్యి గుంజుకున్న, పెయ్యంత చెమటలు వట్టినయి" అని చెప్పేది. నేను బొమ్మలు నేర్చుకున్న తర్వాత ఆ చేతిని మళ్ళీ చూస్తే ఇంకోటి కనిపించింది. పొడిచినామె ఆ ఒరిగిన గీతను అట్లా వదిలేయలేదు. మూడో మెట్టును కూడా అటువైపే కొంచెం ఒరిగించి, గూడును మాత్రం నిటారుగా పెట్టి, కోట పడిపోకుండా నిలబెట్టింది. ముందుగా కాగితం మీద గీసుకున్నది లేదు, చెరిపేసే వీలు లేదు, ముందు ఏడుస్తున్న పిల్ల. అప్పటికప్పుడు చేసిన సవరణ అది. కాలేజీలో మాకు బ్యాలెన్స్ గురించి పాఠం చెబుతుంటే నా కళ్ళ ముందు ఆ మూడు మెట్లే ఉండేవి.

దానికి కూలి సోలెడు జొన్నలు. పొడిచినామె పేరు అడిగితే "ఎరుకలామె" అంది అమ్మమ్మ, అంతే. పేరు ఎవరూ అడగలేదు. రవివర్మ కింద సంతకం ఉంటుంది. నా ఎచింగు కింద పెన్సిలుతో నా సంతకం ఉంటుంది. ఒక మనిషి జీవితాంతం మోసిన బొమ్మకు, గీసినామె పేరు లేదు. టాటూకు లలితకళగా గుర్తింపు రావాలని నేను అంటున్నప్పుడు నా మనసులో మొదట ఉండేది జూబ్లీహిల్స్ స్టూడియో కాదు, ఈ ఆడవాళ్ళే. రేపు అకాడమీ ఒక విభాగం తెరిచి అందులో మెషిన్ పట్టినవాళ్ళను మాత్రమే కూర్చోబెడితే ఆ గుర్తింపు సగమే.

బీహార్‌లో ఏం జరిగిందో తెలుసుకో. మధుబని ప్రాంతంలో దుసాధ్ కులపు ఆడవాళ్ళు 1970లలో తమ ఒంటి మీది గోద్నా పచ్చబొట్ల తీరును కాగితం మీదికి తెచ్చారు. వరుసలు వరుసలుగా చెట్లు, మనుషులు, జంతువులు, వలయాలు. చానో దేవి లాంటివాళ్ళు దాన్ని ఒక శైలిగా నిలబెట్టారు. అక్కడి శాంతిదేవి పాస్వాన్, శివన్ పాస్వాన్ దంపతులకు 2024లో పద్మశ్రీ వచ్చింది. నాకు చాలా సంతోషం కలిగింది. కానీ చూడు, ఒంటి మీద ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని గీత, కాగితం మీదికి రాగానే కళ అయింది. ఫిలిప్పీన్స్‌లో మాత్రం చర్మం మీది పనికే ఆ గౌరవం దక్కింది. కలింగ కొండల్లో వాంగ్-ఓడ్ అనే పెద్దావిడ నిమ్మజాతి చెట్టు ముల్లును వెదురు పుల్లకు గుచ్చి, మసిలో ముంచి, ఇంకో కర్రతో కొడుతూ టాటూలు వేస్తుంది. 2023లో వోగ్ పత్రిక ఫిలిప్పీన్స్ ఎడిషన్ ఆమె ముఖాన్ని అట్ట మీద వేసింది. అప్పటికి ఆమెకు 106 ఏళ్ళు అని రాశారు. తన తమ్ముళ్ళ వైపు మనవరాళ్ళకు పని నేర్పింది కాబట్టి అక్కడ చెయ్యి ఆగిపోలేదు. మన ఎరుకల ఆడవాళ్ళ బిడ్డలు చాలావరకు ఆ పని వదిలేశారు. వదిలేయక ఏం చేస్తారు, సోలెడు జొన్నలతో ఎవరు బతుకుతారు?

ఇక నీ పని. మొదట కెమెరా తీయకు. నానమ్మను మాట్లాడించు. ఏ వయసులో పొడిపించుకుంది, ఎక్కడ, తండాకు వచ్చినామె ఎవరు, ఏ కులం, ఏ ఊరి నుంచి, ఏం ఇచ్చారు, ఎవరు పట్టుకుని కూర్చున్నారు, ఏ బొమ్మ ఎవరు ఎంచారు. పేరు గుర్తుంటే అది ముందు రాసుకో. లంబాడీ ఆడవాళ్ళ చుక్కల వరుసలు, మా వైపు తులసికోటలు, తేళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే ఏవి కలుస్తాయో, ఏవి కలవవో నీకే తెలుస్తుంది.

ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. పొద్దున్నే వాకిట్లో, పక్క నుంచి వెలుతురు పడేటట్టు తియ్యి. బొమ్మ పక్కన స్కేలు పెట్టు. తర్వాత ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి కాంట్రాస్ట్ పెంచితే కంటికి ఆనని చుక్కలు కూడా తేలతాయి. ఆ తర్వాత పలుచని పారదర్శక ప్లాస్టిక్ షీటు చేతి మీద పరిచి, మార్కర్‌తో ఉన్నది ఉన్నట్టు దించు. షీటు మీదే గీయాలి, చర్మానికి ఇంకు అంటకూడదు. చివరగా షీటు పక్కన పెట్టి, స్కెచ్‌బుక్‌లో చేత్తో గీయి. చేత్తో గీసినప్పుడే ఆ గీసినామె ఎక్కడ మొదలుపెట్టిందో, ఎక్కడ ఆగిందో నీ మణికట్టుకు తెలుస్తుంది.

గీతలు మందంగా, అలుక్కుపోయినట్టు ఉంటాయి. వాటిని సన్నగా చేసి "బాగు" చేయకు. సిరా రేణువులను మన చర్మంలోని రక్షక కణాలు మింగి పట్టుకుంటాయి. ఆ కణం చనిపోతే పక్కన కొత్తగా వచ్చిన కణం ఆ రేణువులను మళ్ళీ పట్టుకుంటుందని ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2018లో చూపించారు. అందుకే పచ్చబొట్టు పోదు. ఏళ్ళు గడిచేకొద్దీ రేణువులు కొంచెం కొంచెం జరిగి అంచు మెత్తబడుతుంది. నల్లటి మసి చర్మం కిందినుంచి పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. ఆ మందం నానమ్మ వయసు. అది కూడా బొమ్మలో భాగమే.

ముఖం ఫొటో బయట పెట్టాలంటే నానమ్మను అడుగు, వద్దంటే వద్దు. ప్రాజెక్టు అయిన తర్వాత ఒక మంచి ప్రింటు ఫ్రేము కట్టించి ఇంట్లో ఇవ్వు. ఒంట్లోంచి నగలన్నీ తీస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అని మన పెద్దవాళ్ళు అంటారు కదా. చనిపోయినవాళ్ళతో పాటు బొమ్మా పోతుంది. అందుకే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు. సార్‌తో వాదన పెట్టుకోకు, పది డ్రాయింగులు తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టు. నాకూ జిరాక్సులు పంపు.

ప్రశ్న: ఒక మనిషి వీపు మీది టాటూను ఆర్ట్ గ్యాలరీ ద్వారా లక్షలకు అమ్మారని మా అమ్మాయి చెప్పింది. ఇది నిజమేనా? మనిషిని అమ్మడం కాదా అది?
(గృహిణి, వనపర్తి)

జవాబు: నిజమేనమ్మా. బెల్జియం కళాకారుడు విమ్ డెల్వోయ్ ఒక డిజైన్ చేశాడు. స్విట్జర్లాండ్‌లో ఉండే టిమ్ స్టైనర్ అనే ఆయన దాన్ని వీపంతా వేయించుకున్నాడు. 2008లో జర్మనీ కలెక్టర్ రిక్ రైన్‌కింగ్ దాన్ని 1,50,000 యూరోలకు కొన్నాడు. ఒప్పందం ప్రకారం టిమ్ ఏడాదికి కొన్నిసార్లు చొక్కా విప్పి గ్యాలరీలో వీపు చూపిస్తూ కూర్చోవాలి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఉన్న మోనా మ్యూజియంలో ఎన్నో నెలలు అట్లా కూర్చున్నాడు. ఆయన చనిపోయాక ఆ చర్మాన్ని ఫ్రేము కడతారు.

ఆయన తన ఇష్టంతోనే ఒప్పుకున్నాడు, డబ్బులో వాటా తీసుకున్నాడు, కాబట్టి మనిషిని అమ్మారని అనను. కానీ టాటూకు గౌరవం వచ్చిందనడానికి కొందరు దీన్ని ఉదాహరణగా చెబుతారు, నేను ఒప్పుకోను. అది ధర, గౌరవం వేరు. అక్కడ సంతకం డెల్వోయ్‌ది. గంటల తరబడి వంగి కూర్చుని ఆ వీపు మీద సూది నడిపిన మనిషి పేరు మ్యాట్ పవర్స్. ఆ వార్తలు చదివినవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు గుర్తుంది? దేవరకొండ చెల్లెలికి రాసిన జవాబు చదివితే నాకు ఇది ఎందుకు మింగుడుపడదో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను కల్వకుర్తిలో చిన్న టాటూ షాపు నడుపుతాను. డిజైన్లు సొంతంగా గీస్తాను. వేరే షాపువాళ్ళు నా ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసుకుని వేస్తున్నారు. నాకేమైనా హక్కు ఉంటుందా?
(టాటూ కళాకారుడు, కల్వకుర్తి)

జవాబు: ఉంటుంది తమ్ముడూ. మన కాపీరైట్ చట్టం 1957లో కళాకృతి అంటే పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, ఎన్‌గ్రేవింగ్, ఫొటో అని చెప్పి, వాటికి కళాత్మక విలువ ఉన్నా లేకపోయినా అని కూడా స్పష్టంగా రాశారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. నీది గొప్ప బొమ్మా కాదా అని ఏ అధికారీ తేల్చాల్సిన పని లేదు, నీ సొంతం అయితే చాలు. కాగితం మీద గీసిన నాడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటుంది. గొడవ వచ్చినప్పుడు రుజువు మాత్రం కావాలి. కాబట్టి ప్రతి స్కెచ్ మీద తేదీ, సంతకం వేసి అసలు కాగితం దాచుకో. ఇంకొకరి షాపులో జీతానికి పనిచేస్తూ గీస్తే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు యజమానికి పోతుంది. నీ దగ్గర కుర్రాళ్ళు పనిచేస్తుంటే వాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పు.

మైక్ టైసన్ ముఖం మీది టాటూ లాంటిదే ఒక హాలీవుడ్ సినిమాలో ఇంకో నటుడి ముఖాన వేశారని, అది వేసిన విక్టర్ విట్‌మిల్ 2011లో నిర్మాణ సంస్థ మీద కేసు వేశాడు. తర్వాత రాజీ కుదిరింది. నువ్వు కోర్టు దాకా వెళ్ళక్కర్లేదు, ముందు ఒక లాయర్ నోటీసు చాలు. ఒక్కటి, నువ్వూ ఇంకొకరి బొమ్మ దించకు. కస్టమర్ ఫోన్లో ఫొటో చూపిస్తే, "ఇట్లాంటిది నేనే గీసిస్తా" అని చెప్పు.

ప్రశ్న: మేడం, నేను అగ్నివీర్‌కు, ఎస్సెస్సీ జీడీకి ప్రిపేర్ అవుతున్నా. మా ఊరి జాతరలో చేతి మీద దేవుడి బొమ్మ వేయించుకోవాలనుంది. వేయించుకోవచ్చా?
(కొండమల్లేపల్లి)

జవాబు: ఇప్పుడు వద్దు బాబూ, సెలెక్షన్ అయ్యేదాకా ఆగు. సైన్యంలో ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనుక వైపు మాత్రమే టాటూకు ఒప్పుకుంటారు. మిగతాచోట్ల ఉంటే తిరస్కరిస్తారు. ఎస్సెస్సీ జీడీ పరీక్షతో చేరే కేంద్ర బలగాల్లో సెల్యూట్ కొట్టని ఎడమ ముంజేతి లోపలి వైపు, ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నగా, మతచిహ్నమో పేరో అయితే సరే. గిరిజనులకు ఆచారం ప్రకారం ఉన్న పచ్చబొట్ల విషయంలో సైన్యం సడలింపు ఇస్తుంది, కానీ దానికి ధ్రువపత్రం అడుగుతారు. జాతరలో సరదాగా వేయించుకున్నది ఆచారం కిందికి రాదు.

ఉద్యోగం వచ్చాక వేయించుకున్నా జాతరలో వద్దు. ఒకే సూదితో పదిమందికి వేస్తే హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. న్యూయార్క్ నగరం హెపటైటిస్ భయంతోనే 1961 నుంచి 1997 దాకా టాటూను నిషేధించింది. సీల్ వేసిన కొత్త సూదిని నీ కళ్ళ ముందు విప్పాలి, సిరా కొత్త కప్పులో పోయాలి, మిగిలింది మళ్ళీ సీసాలో పోయకూడదు, గ్లవ్స్ మార్చాలి. అట్లా చేయని చోట కూర్చోకు. వేయించుకున్న తర్వాత ఏడాది పాటు రక్తదానానికి కూడా తీసుకోరు, మీ గ్రౌండ్ బ్యాచ్‌లో ఎవరైనా క్యాంపులకు వెళ్తుంటే వాళ్ళకూ చెప్పు.

నిబంధనలు ఏటా నోటిఫికేషన్‌తో పాటు మళ్ళీ వేస్తారు. మెడికల్ స్టాండర్డ్స్ అని ఉన్న పేజీ తీసి, టాటూ పేరా ఈ ఏడాదిది చదువుకో. దేవుడి బొమ్మ ఇప్పుడే కావాలనుంటే మీ ఊరి నుంచి నల్లగొండ ఎంతో దూరం లేదు, ఆదివారం నా క్లాసుకు వచ్చి కాగితం మీద గీయి. సెలెక్ట్ అయిన తర్వాత ఆ గీసిందే వేయించుకోవచ్చు.